నీడలో కుర్చీ

డ్రిల్లు మాస్టారి మెడలో విజిల్ ఉంటుంది, స్టాప్‌వాచీ మాత్రం పన్నెండేళ్ల కూతురి చేతిలో ఉంటుంది. ఏడో నెలలోనే పుట్టి, రెండు నెలలు అద్దాలపెట్టెలో గొట్టాలతో ఊపిరి తీసుకున్న పిల్ల. మైదానంలో ఆమెకు నీడపట్టున కుర్చీ వేస్తాడు. లేస్తే చాలు, "కూర్చో తల్లీ, ఆయాసమొస్తుంది" అంటాడు. మిగతా పిల్లలు రొప్పుతుంటే "ఆయాసం వచ్చాకే అసలు పరుగు" అని తరుముతాడు. ఎవరైనా ఆగిపోతే కూతురు వాచీ చూసి టైము చదువుతుంది. ఐదు నిమిషాలు నిండకపోతే ఆయన "నువ్వు పనికిరావు, పో" అంటాడు.

మొన్న ఆసుపత్రిలో ఆ పిల్లను ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించారు. రిపోర్టు చూసి డాక్టరమ్మ, "ఊపిరితిత్తులు కొంచెం బలహీనమే. కానీ ఇంత ఆయాసం వాటివల్ల కాదండీ, పరుగు అలవాటు లేక. చిన్నప్పట్నుంచీ ఆడించాల్సింది. మీకు చెప్పేవాళ్లే లేకపోయారా? ఇంతకీ మీరేం చేస్తుంటారు?" అంది.

మాస్టారు విజిల్‌ని చొక్కాలోకి తోసేసి, "బళ్లో లెక్కలు చెబుతానండీ" అన్నాడు.

కూతురు ఇంకా రొప్పుతూనే ఉంది. గుప్పిట్లోని వాచీ చూసి, మైదానంలో చదివినట్టే చదివింది.

"మూడు నిమిషాలు, నాన్నా."

ఆ తర్వాత అనాల్సిన మాట ఆయనది.