లింగయ్య చేతికి అచ్చు తీసిన రోజు

2009 ఎండాకాలం. కోదాడలో నాది పీఓపీ పని, అంటే ప్లాస్టర్‌తో ఇళ్లకు ఫాల్స్ సీలింగులు, పూల అంచులు పోయడం. గాలి కదిలితే చాలు, షెడ్డులో తెల్లటి పొడి లేచి, మనుషులు కలలో నడుస్తున్నట్టు కనిపించేవారు.

ఒకరోజు హైదరాబాద్ నుంచి నీరజ మేడం వచ్చింది. ఆమె శిల్పి. "నా ప్రదర్శనకు మనిషిని కొట్టిన చేతులు కావాలి. బతికున్న చెయ్యి మీదే మోల్డ్ తీయాలి" అంది. మోల్డ్ అంటే అచ్చు. నాకు మండింది. "పూలు పోసేటోన్ని, నాకివేం పనులు మేడం?" అన్నాను. అయినా ఒప్పుకున్నాను, కుతూహలం ఆగలేదు మరి.

ఎవరినడిగినా తాము ఎవరినీ కొట్టలేదన్నారు. ఊళ్లో ఇన్ని దెబ్బలు ఎవరు కొట్టారో ఆ దేవుడికే తెలియాలి. చివరికి పాలకీడు నుంచి గొర్రెలు కాసే లింగయ్య తనంతట తానే వచ్చాడు. పన్నెండేళ్ల కిందట, గొర్రెలను పక్కవాళ్ల వరిలో పడనిచ్చాడని తమ్ముడు సైదులును చెవి మీద కొట్టాడట. ఆ చెవి ఇక వినపడలేదు. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు.

చేతికి కొబ్బరినూనె రాసి పైకెత్తమన్నాను. ఎత్తలేకపోయాడు.

"ఎదురుంగ మనిషి లేకుంటే ఎట్లొస్తది మేస్త్రీ?"

నేనే వెళ్లి చెంప చూపి నిలబడ్డాను. అరచెయ్యి లేచి నా చెవి దగ్గర ఆగింది. మోచేతి కింద కర్ర ఆనించి, మేడం ప్లాస్టర్ మెత్తింది. గట్టిపడేటప్పుడు ప్లాస్టర్ వేడెక్కుతుంది. ఆ వేడి నా చెంపకు తగులుతూనే ఉంది. హైవే మీద లారీల చప్పుడు నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టు వినిపించింది.

"కొట్టుడు రెప్పపాటుల అయిపోయింది. ఇదేంది, ఒడుస్తలేదు" అని గొణిగాడు లింగయ్య.

ఆ అచ్చులో పోసిన చెయ్యి ఆరాక నన్ను బతిమాలాడు. "హైదరాబాద్ పోకముందే మా సైదులుకు జర సూపియ్యి. నేను పిలిస్తే రాడు."

నేనే వెళ్లి చెప్పొచ్చాను. మూడో రోజు సైదులు వచ్చాడు. అన్న వైపు చూడలేదు. బల్ల మీది చెయ్యిని అటూ ఇటూ తిప్పి, తన అరచెయ్యి దానికి ఆనించాడు. అతను పగలగొడితే నేను మళ్లీ పోయగలను. మరి లింగయ్య గతేం కాను?

"గింతేనా? నాకు కలల్ల తలుపంత కనపడేది" అన్నాడు సైదులు.

అచ్చులో పోసిన చెయ్యి పిసరంత కూడా పెరగదు. దెబ్బ తిన్నవాడి లోపల మాత్రం అది ఏళ్ల తరబడి పెరుగుతూనే ఉంటుందని ఆ రోజే తెలిసింది. మాట్లాడితే పిల్లల మీద చెయ్యెత్తే నాకు సిగ్గేసింది.

లింగయ్య కూలబడి, ఏడుస్తూ ఏదో చెప్పబోయాడు. సైదులు పక్కకు జరిగి చోటిచ్చాడు.

"గీ దిక్కు కూసోని చెప్పు అన్నా. ఆ చెవి ఇనపడదు."