తాత పళ్లతో విన్న నీళ్లు

మా తాత పురపాలక సంఘంలో వాల్వులు తిప్పే మనిషి. వేళకు నీళ్లు వదలడం, భూమిలో పైపు ఎక్కడ కారుతోందో కనిపెట్టడం ఆయన పని. అందుకు ఆయనకో నిలువెత్తు ఇనుపకడ్డీ ఉంది. ఒక కొస రోడ్డుకు ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని వింటాడు. వినేవాడు, అనాలి. చెవులు రెండూ మొరాయించి మూడేళ్లయింది. అప్పటినుంచి జనానికి వీపు పెట్టి కూర్చుని కడ్డీని పళ్లతో కరిచి పట్టుకుంటున్నాడు. కారే నీటి వణుకు దవడలోకి వస్తుందట.

ఈ సంగతి నాకూ నానమ్మకూ తప్ప ఎవరికీ తెలీదు. తెలిస్తే ఇంటికి పంపేస్తారని తాతకు హడలు. "తాతా, ఇవాళ కడ్డీలో ఉప్పు సరిపోయిందా?" అని నేను ఏడిపించేదాన్ని. అదొక్కటీ ఎలా వినపడేదో, చెప్పు వెతుక్కునేవాడు.

ఊరు పెరిగిపోయింది. చివర్న లేచిన అపార్ట్‌మెంట్లన్నిటికీ పాత పైపు నుంచే నీళ్లు. పైపులు ముందా, రోడ్డు ముందా అని సంఘంలో నెలరోజులు వాదించుకుని రోడ్డే ముందన్నారు. ఒకసారి తారు పోస్తే ఐదేళ్లు తవ్వకూడదని వాళ్ల నియమం.

తారు పోసే ముందురోజు బడి మలుపులో కడ్డీ కరిచిన తాత ముఖం పాలిపోయి లేచాడు. మామూలుగా కారే నీళ్లు సన్నగా కీచుమంటాయట. ఇక్కడ బోలుగా, గుబగుబమంది. అంటే కింద మట్టి కొట్టుకుపోయి గుల్లయింది. బడి బస్సులు ఆగేది ఆ మలుపులోనే. చెబితే ఎలా విన్నావంటారు. చెప్పకపోతే ఏమవుతుందో తలుచుకోవడానికి కూడా భయమే.

పొద్దున్నే మలుపు దగ్గర తారు లారీలు వరసగా నిలబడ్డాయి. నేను వెంట రాగా తాత కాళ్లీడ్చుకుంటూ వెళ్లి ఇంజినీరుకు విషయం చెప్పాడు.

"పిలిస్తేనే పలకవు. భూమిలోది వినపడిందా పెద్దాయనా?" అన్నాడు ఇంజినీరు.

తాతకు ఆ మాట వినపడలేదు కానీ పనివాళ్ల నవ్వులు కనపడ్డాయి. అందరి ఎదుటా మోకాళ్ల మీద కూర్చుని కడ్డీని కరిచాడు. నవ్వులు ఆగిపోయాయి.

"నాకు చెవుల్లేవయ్యా, పళ్లున్నాయి. నువ్వు చెవి పెట్టి విను," అన్నాడు.

ఇంజినీరు విన్నాడు. లేచి, గొంతు బాగా తగ్గించి, లారీలను ఒక్కొక్కటిగా వెనక్కి తీయమన్నాడు. మేమంతా అడుగులో అడుగేసుకుంటూ పక్కకు తప్పుకున్నాం.

సాయంత్రం తాతకో కాగితం ఇచ్చారు. ఏడో తరగతితో ఆగిన చదువు నాది, కూడబలుక్కుంటూ చదివాను. ఆయన నా పెదాలే చూస్తున్నాడు. రోడ్డు పని ఆపాలి, ముందు పైపులు మార్చాలి. తాత గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు. కింద ఇంకో వాక్యం ఉంది. నేను పెదాలు కదపలేదు.

"ఆ కిందది కూడా చదవవే."

వాల్వుల మనిషిని సోమవారం చెవుల పరీక్షకు పంపాలి.

ఆయన కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టాడు.

"మరి సోమవారం నీళ్లెవరు వదులుతారే?" అన్నాడు.