అత్తకి కునుకు పడితేనే కొంటాను

మా తోడికోడలు పోయిందని ఫోను వచ్చినప్పుడు నేను గోపాలపట్నం రైతుబజార్లో ఆనపకాయ బేరమాడుతున్నాను. పొద్దున్నే లేచి, కాఫీ తాగి, పెరట్లో బట్టలారేస్తూ కూలబడిపోయిందట. ఆస్పత్రికి తీసుకెళ్ళేలోగానే అయిపోయింది. చూడ్డానికొచ్చిన వాళ్ళందరిదీ ఒకటే మాట: "పుణ్యాత్మురాలమ్మా, మంచం పట్టకుండా ఎలిపోయింది." నిజం చెప్తున్నాను, అంత ఏడుపులోనూ నాకు కుళ్ళు వచ్చింది. చావులోనూ ఈవిడదే పైచెయ్యా అనుకున్నాను.

మా ఆయన అన్నగారి భార్య ఆవిడ. అక్కా అని పిలిచేదాన్ని. ఆవిడది బయటి సంబంధం. నేనేమో మా అత్తకి స్వయానా అన్నకూతుర్ని. మా అమ్మ నా చిన్నప్పుడే పోతే నన్ను ఎత్తుకు పెంచింది మేనత్తే. తర్వాత ఆమె కొడుకునే చేసుకున్నాను. మరి అత్త ఎవరి పక్షాన ఉండాలి? మీరే చెప్పండి. కానీ అత్తకి కూర అక్క వండితేనే బాగుండేది. తలనొప్పికి అక్క చెయ్యే హాయిగా ఉండేది. "పెద్దదేదే?" అని అక్క కోసం ఇల్లంతా వెతికేది అత్త. నేను ఎదురుగానే కూర్చుని ఉండేదాన్ని.

అన్నదమ్ములిద్దరివీ అచ్యుతాపురంలో కంపెనీ ఉద్యోగాలు. దువ్వాడ అవతల కొండవార లేఅవుటులో పక్కపక్కన స్థలాలు కొని, గోడకి గోడ ఆనించి ఇళ్ళు కట్టుకున్నారు. లేఅవుటు తగాదాలో పడింది. కరెంటు స్తంభాలైతే పాతారు గానీ తీగలు రాలేదు. సరే, సోలార్ పలకలు పెట్టుకుని ఎండనే నమ్ముకుందాం అనుకున్నాం. సరిగ్గా అప్పుడే అత్తకి ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయని, పడుకున్నంతసేపూ ఆక్సిజన్ మిషను పెట్టాలని డాక్టరు చెప్పాడు. అంటే ఆ మిషను ఎవరింట్లో సరిగ్గా తిరిగితే అత్త వాళ్ళింట్లో ఉంటుంది. అన్నింట్లోనూ ఓడిపోయాను, ఈ ఒక్కటీ నేనే గెలవాలనుకున్నాను. అత్త నా దగ్గరే ఉండాలి.

అక్క కదిలేలోగా నేనే ఇన్వర్టర్ల కొట్టుకి పరిగెత్తాను. కొట్టువాడు చూపించినవాటిలో అన్నిటికంటే పెద్ద నంబరున్న ఇన్వర్టర్ తీసుకున్నాను. నీలం లైట్లు, బొమ్మలు కదిలే స్క్రీను. "వదిన్ని ఓపాలి అడక్కపోయావా?" అన్నాడు మా ఆయన. నాకు ఒళ్ళు మండిపోయింది. లైట్లు వెలిగాయి, ఫ్యాన్లు తిరిగాయి. ఆక్సిజన్ మిషను మాత్రం మూలగడం మొదలెట్టింది. తెల్లారేసరికి అత్త కళ్ళు చింతనిప్పులు. "ఒలే, నిద్దర నేదే. నా బుర్రలో పిండిమర ఎట్టీసినట్టుందే" అంది. ఇన్వర్టర్ ఎంత బరువు మోస్తుందో నంబరు చెబుతుంది గానీ, కరెంటు ఎంత నున్నగా వస్తుందో చెప్పదట. నేను కొన్నది గతుకుల కరెంటిచ్చే రకమట. దాని మీద మోటారున్నవన్నీ అలాగే మూలుగుతాయట. ఇవన్నీ కొట్టువాడు నేను కొనేశాక చెప్పాడు.

తర్వాత ఒక మధ్యాహ్నం అక్క ఆటో పిలిచి అత్తనీ, ఆక్సిజన్ మిషన్నీ, తన మిక్సీనీ, ఒక కేరియర్నీ ఎక్కించింది. ఎక్కడికంటే ఇన్వర్టర్ల కొట్టుకి. అత్తని ఆవిడతో ఒంటరిగా పంపిస్తానా? నేనూ ఎక్కాను. కొట్టులో అత్తకి పెరుగన్నం తినిపించి, కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కుకి గొట్టం పెట్టి, సేల్స్‌మన్‌ని పిలిచింది.

"బాబూ, ఈ మిషను నీ ఇన్వర్టర్‌కి తగిలించు. మా అత్తకి కునుకు పడితేనే కొంటాను."

"అమ్మా, ఇది షాపమ్మా. ఆస్పత్రి కాదు."

"ఆస్పత్రిలో నిద్దరెక్కడ పడతాదయ్యా? నువ్వు తగిలించు."

మొదటిదానికి మిషను మూలిగింది. "ఏటే ఆ మోత?" అని అత్త కళ్ళు తెరిచింది. రెండోది నెమ్మదిగానే ఉంది గానీ, అక్క మిక్సీ కూడా తగిలించి ఒక్క తిప్పు తిప్పేసరికి మిషను కుయ్యోమని అరిచింది. మోటారు మొదలయ్యేటప్పుడు కరెంటు ఒక్కసారిగా ఎక్కువ లాగుతుందని, అది తట్టుకోలేకపోయిందని సేల్స్‌మన్ ఒప్పుకున్నాడు. మూడోది ఉత్త నల్లపెట్టె. లైట్లు లేవు, బొమ్మలు లేవు, నంబరు కూడా నాదానికంటే చిన్నదే. మూలుగు లేదు. మిక్సీ తిప్పినా అదరలేదు. అక్క స్టూలు లాక్కుని అత్త మోకాలు నిమురుతూ, ఊళ్ళో ఎవరి గేదె ఎవరి చేలో పడిందో, ఎవరు ఎవరితో మాటలు మానేశారో చెప్తూ కూర్చుంది. కాసేపటికి అత్త గుర్రు పెట్టింది. ఇన్వర్టర్లు కొనడానికొచ్చినవాళ్ళు చుట్టూ చేరి ఒకటే నవ్వులు.

"ఇదే కట్టీ బాబూ," అంది అక్క. "మిగిలిన డబ్బంతా బేటరీలకి ఎడతాను. తెల్లారీదాకా రావాలి గదేటి."

నేను కళ్ళల్లో నిప్పులు పోసుకుని చూస్తూ నిలబడ్డాను. ఆ రోజు ఆటో దిగిన అత్త తిన్నగా అక్కింట్లోకే వెళ్ళింది. మళ్ళీ నా ఇంట్లో పడుకోలేదు.

ఆ తర్వాత లేఅవుటులో ఎవరు ఇల్లు కట్టుకున్నా ఇన్వర్టర్ సంగతి అక్కనే అడిగేవారు. నీలం లైట్లు నా ఇంట్లో వెలుగుతున్నా నా గుమ్మం ఎక్కినవాడు లేడు. "పెట్టె మీద నంబరు కొట్టోడికమ్మా. మనింట్లో తిరిగీది మనకి" అనేది అక్క. వాళ్ళు తలలూపేవారు. నాకు గోడకేసి తల కొట్టుకోవాలనిపించేది.

ఆవిడకి వంకలు లేవని కాదు. కబుర్లలో పడి పాలు పొంగించేది. మనిషి దొరక్కపోతే కాకితో మాట్లాడేది. పలకల మీద ఎర్రదుమ్ము తుడవడానికి మేడెక్కితే కింద వీధిలో పోయేవాళ్ళందరినీ పలకరించేది. బేటరీల్లో నీళ్ళు పోయడం ఎప్పుడూ మర్చిపోయేది. నేనే వెళ్ళి పోసేదాన్ని. "నువ్వుండబట్టి గానీ సెల్లీ" అనేది. ఆ మాటకి సంతోషించకపోగా, అత్త విందో లేదో అని లోపలికి తొంగి చూసేదాన్ని. తుపాను పట్టి ఎండ మొహం చూడని రోజుల్లో నా ఇల్లు చీకటైపోతే, తన టీవీ కట్టేసుకుని, గోడ మీంచి మాకో వైరు వేసింది. నేను అడగలేదు. ఆ వెలుతురులోనే మా పిల్లలు పరీక్షలకి చదువుకున్నారు. ఆ మేలు మర్చిపోను. కానీ అడక్కుండానే చేసే బుద్ధి కూడా ఆవిడకే ఎందుకుండాలి అని అప్పుడూ ఏడ్చాను, ఇప్పుడూ ఏడుస్తున్నాను.

అక్క పదకొండో రోజు అయ్యాక బావగారు మా గుమ్మంలో నిలబడ్డారు. "అమ్మా, నాకు షిఫ్టులు. అమ్మని నీ దగ్గరే ఉంచుకో. ఆ ఇన్వర్టరూ బేటరీలూ కూడా పట్టుకెళ్ళిపోండి" అన్నారు. ఎలక్ట్రీషియన్ వచ్చి నల్లపెట్టెని మా గోడకి బిగించాడు. నా నీలం లైట్లది ఆయనింటికి వెళ్ళింది. ఇన్నేళ్ళూ నేను కోరుకున్నదంతా ఒక్క పూటలో నా ఇంట్లోకి వచ్చేసింది.

మధ్యాహ్నం అత్తకి మెత్తగా పప్పన్నం పెట్టి, గొట్టం సర్ది, మిషను వేశాను. చప్పుడే లేదు. అత్త మాత్రం పైకప్పుకేసి చూస్తూ పడుకుంది. మర్నాడూ అంతే. ఆ తర్వాత రోజూ అంతే.

"ఏటత్తా, మోత వత్తందా?"

"నేదే."

"గాలి సాలట్లేదా?"

"సాల్తందే."

"మరేటి?"

"పెద్దది పక్కన కూకుని మాటాడతుండీది గదే. ఆ మాటలు ఇంటూ ఇంటూ పడుకుండిపోయీదాన్ని."

అయితే కొట్టులో అత్తకి కునుకు పట్టించింది ఆ పెట్టె కాదన్నమాట. ఇన్నేళ్ళూ నేను ఉత్త నల్లపెట్టెని చూసి కుళ్ళుకున్నాను. తీరా ఆ పెట్టె నా ఇంటికొచ్చాక తెలిసింది, అసలైనది ఏ కొట్లోనూ దొరకదని. అక్క మీద అంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు.

మంచం పక్కన కూర్చున్నాను. ఏం చెప్పను? నాకు ఊరి కబుర్లు తెలియవు, కాకితో మాట్లాడటం రాదు. నోటికి వచ్చింది ఒక్కటే.

"నీ పెద్దకోడలెంత గడుసుదో నీకు తెల్దత్తా. నా ఎర్రసీర అడిగి కట్టుకుని పెళ్ళికెళ్ళి, నాకంటే అదే బాగుందనిపించుకుంది."

"ఊఁ," అంది అత్త.

"నాను సేపల పులుసెడితే, రుసి సూత్తానని వచ్చీసి ఓ గరిటె సింతపండు పోసీది. అందరూ దాన్నే మెచ్చుకునీవోరు."

"ఊఁ."

"మా ఆయన కూడా ఏదొచ్చినా వదిన్నే అడిగీవోడు. నానేటి, గోడకేసిన బొమ్మనా?"

ఊఁ రాలేదు. చూస్తే అత్త నిద్రపోయింది.

నా గొంతుకి కాదు, నాకు తెలుసు. అక్క కబుర్లు వింటూ నిద్రపోయింది. ఆపితే ఎక్కడ మెలకువ వస్తుందోనని, గొంతు తగ్గించి, అక్కని ఇంకా తిడుతూనే కూర్చున్నాను.