వానల చాచా కొలువు

మా పటాన్‌చెరు కేబుల్ టీవీలో పదేళ్లుగా వాతావరణం చెప్పే ఆయనను పనిలోంచి తీసేశారని మొన్న మనవరాలు చెప్పింది. వాడకట్టు వాడకట్టంతా రెండు రోజులు అయ్యో అనుకుని, మూడో రోజుకల్లా కొత్త ముఖానికి అలవాటు పడిపోయింది. నాకు మాత్రం, తొమ్మిదేళ్ల పిల్లగా సంగారెడ్డిలో ఉన్నప్పుడు కొలువు పోగొట్టుకున్న మరో వానల మనిషి గుర్తుకొచ్చాడు. ఆయన కొలువు పోయింది నా చేతి పని వల్లే కాబట్టి, ఆ సంగతి నేనే చెప్పాలి.

యాభైలనాటి మాట. మా ఇంటి వెనక గోడ దాటితే తహసీలు కచేరీ ఆవరణ, అందులో ఒక మూల తీగ కంచె, కంచె నడుమ భూమిలోకి పాతిన వానగిన్నె. దాని మూతి గరాటులా ఉండేది, లోపల సీసా. రోజూ పొద్దున ఎనిమిదింటికి ఆ సీసాలోని నీళ్లను గాజు గొట్టంలో పోసి కొలిచి, ఉర్దూలో దఫ్తరు పుస్తకంలో రాసి, పట్నానికి తంతి పంపించే ఏర్పాటు చేయడం ఒక చప్రాసీ పని. మేమందరం ఆయనను చాచా అనేవాళ్లం. సంత రోజున లక్డారం నుంచీ భానూరు నుంచీ బండ్లు కట్టుకుని వచ్చిన రైతులు ముందుగా కచేరీ గేటు దగ్గర ఆగి, ఎంత పడిందో, గాలి ఎటు తిరిగిందో, విత్తనం వేయొచ్చో ఆగాలో ఆయననే అడిగేవారు. తెలియకపోతే తెలియదనే చెప్పేవాడు. అందుకే తెలిసిందని చెప్పిన నాడు మా నాయనలాంటి అనుమానపు మనిషి కూడా మారు మాట లేకుండా నాగలి ఎత్తేవాడు.

ఆ ఏడు మృగశిర ఎండగానే పోయింది, ఆరుద్ర కూడా సగం దాటింది. మేము ఆడపిల్లలం రోకలికి వేపాకులు చుట్టి, కప్పను కట్టి, కప్పతల్లి ఆడుతూ ఇల్లిల్లూ తిరిగాము. ప్రతి ఇంటివాళ్లూ కప్ప మీద బిందెడు నీళ్లు గుమ్మరించేవారు. సాయంత్రం కచేరీకి వెళితే చాచా నవ్వుతూ వానగిన్నె చూడమని కంచె తలుపు కూడా తీసి, తానే మా చెంబు నింపి ఇచ్చాడు. అందరూ పాడుతూ వెళ్లిపోయాక, వెనకబడ్డ నా చేతి చెంబులో గుక్కెడు నీళ్లు మిగిలాయి. అందరి ఇళ్లలో కప్ప మీద పోశారు, వాన దిగే గిన్నె మాత్రం ఎండిపోయి ఉంది, దానికి కూడా పోస్తేనే కదా వానకు దారి తెలిసేది అనుకున్నాను. గరాటులో ఒంపేసి ఇంటికి పరుగెత్తాను.

ఆ రోజు పొద్దుగూకాక దూరంగా ఉరిమింది, మబ్బు పట్టింది, ఒక్క చుక్క రాలలేదు. తెల్లారి చాచా సీసా తీస్తే నీళ్లున్నాయి. నేల పొడిగానే ఉన్నా, తాను నిద్రలో ఉండగా చిన్న జల్లు పడి ఆరిపోయి ఉంటుందనుకున్నాడు. ఉన్నది కొలిచి రాశాడు, తంతి వెళ్లింది. కొత్తగా వచ్చిన తహసీల్దారు ఆంధ్ర వైపు మనిషి. ఉక్కకు ఆగలేక రాత్రంతా వాకిట్లో నులక మంచం మీదే పడుకున్నాడట.

"నా మీద పడని వాన నీ గిన్నెలోనే పడిందా?" అని ఆయన అరిచిన అరుపు మా గోడ దాటి వినిపించింది.

"నేను పండుకున్న సాబ్, గిన్నె పండుకోదు గద," అన్నాడు చాచా.

రెండు రోజుల్లో దొంగ లెక్క రాశాడని చాచాను కొలువు నుంచి తీసేశారు. నేను భయంతో నోరు మెదపలేదు. కానీ సంత రోజున గేటు బయట నిలబడ్డ ఆయనను రైతులు ఆటపట్టించడం చూశాను.

"చాచా, జెర మా చెలకల గూడ గట్ల రాసి కురిపియ్యరాదే!" అన్నాడొకడు. ఇంకొకడు గొడుగు తెచ్చుకోనందుకు పరేషానైతున్నా అన్నాడు. చాచా తల దించుకుని చెప్పుల వైపు చూస్తూ ఉండిపోయాడు.

నేను బండ్ల సందులోంచి దూరి, అందరి నడుమా నిలబడి గట్టిగా అరిచాను. "చాచా అబద్ధం రాయలే. గిన్నెల నీళ్లు పోసింది నేనే!"

చాచా తల ఎత్తి నన్ను చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు. "అరే బేటీ, నీ గుక్కెడు నీళ్లు పట్నం దాకా పోయినయ్ గదనే!"

నాయన నన్ను రెక్క పట్టి తహసీల్దారు ముందు నిలబెట్టాడు. నాకు అక్షరం రాదు, అందుకే రాసిన దాన్ని ముగ్గులా తుడిచేస్తే సరిపోతుందనుకుని, అదే మాట ఆయనతో అన్నాను. పంపిన తంతి వెనక్కి రాదన్నాడు ఆయన. కంచె తలుపు వేయకపోవడం చాచా తప్పేనన్నాడు. మా వెంట వచ్చిన చాచా కూడా అవునన్నాడు. యాభై దాటాక పలక పట్టి అక్షరాలు దిద్దుకున్నప్పుడు గానీ, కాగితం మీద పడిన మాటకు అంత బలం ఎందుకుంటుందో నాకు అర్థం కాలేదు.

కొలువు రాలేదు, మాట మాత్రం నిలబడింది. చాచా తన బామ్మర్ది సైకిల్ దుకాణంలో పంచర్లు వేస్తూ కూర్చున్నాడు, బండ్లు కచేరీ గేటు వదిలి అక్కడ ఆగడం మొదలుపెట్టాయి. గిన్నె లేకుండా ఎట్ల చెప్తావని ఎవరో అడిగితే, "గిన్నె సర్కారుది, కండ్లు నావి," అన్నాడట. ఆ ఏడు మొదటి వాన పడ్డాక కూడా నాయన ఆయనను అడిగే విత్తనం వేశాడు.

ఇప్పుడు కాజీపల్లి నుంచి పటాన్‌చెరు దాకా ఫ్యాక్టరీల షిఫ్టు బస్సులే, వాన వచ్చినా రాకపోయినా మిషను ఆగదు. వాన వస్తుందని ఫోను చెబుతుంది, రాకపోతే దాన్ని ఎవరూ నిలదీయరు. మా రోజుల్లో వాన మాట తప్పితే ఒక మనిషి తల దించుకునేవాడు. ఆ తల మళ్లీ పైకి లేవాలంటే ఇంకో మనిషి సంత నడుమ నిలబడవలసి వచ్చేది.