అమ్మ ఆపేసిన పాట

మాది తమిళనాడులోని తిరువళ్లూరు. డిప్రెషన్‌తో ఉద్యోగం మానేశాక గిటారు నేర్చుకుని, బ్లూస్ అనే విషాద బాణీలో సొంతంగా పాటలు కట్టుకున్నాను. ఆ జబ్బు గురించే ఊరూరా తిరిగి పాడుతున్నాను. అమ్మ ఎప్పుడూ వినలేదు. కిందటేడు తిరుత్తణిలో ఒక కాలేజీవాళ్లు పిలిస్తే, కొండమీది గుడికి వెళ్లి మొక్కుకున్నట్టూ ఉంటుందని తనూ వచ్చి ముందు వరసలో కూర్చుంది.

నా పాటల్లో ఒకటి తెలుగులో రాసుకున్నాను. ఆ రోజు అదే పాడుతూ "అమ్మ అన్నం పెడుతుంటే ఇదే ఆఖరి ముద్ద అనుకున్నా" అనే చరణం అందుకున్నానో లేదో, అమ్మ లేచి నిలబడింది.

"చాలు నాయినా! ఇంక పాడొద్దురా!" అని అరిచింది.

కొందరు విద్యార్థులు నవ్వారు. నేను పాట ఆపేశాను. గిటారు తీసుకుని వేదిక దిగి వచ్చేశాను. కొండెక్కకుండానే ఇంటికి బస్సెక్కాం.

"నిజంగానే అట్ల అనుకున్నావా?" అని అడిగింది అమ్మ.

"అనుకున్నానమ్మా."

"ఇప్పుడు గూడా అట్లనే ఉండాదా?"

లేదని చెప్పాలనుకున్నాను. కానీ "అప్పుడప్పుడూ ఉంటాదమ్మా" అన్నాను.

తిరువళ్లూరు వచ్చేదాకా అమ్మ నా చెయ్యి వదల్లేదు.

ఎన్నో ఊళ్లలో ఆ పాటకు చప్పట్లు కొట్టారు. మనసులోది చెప్పుకుంటే బరువు దిగుతుందని వేదికల మీద నేనే అంటుంటాను. నా బరువు దిగలేదు. ఇప్పుడు నేను స్నానానికి వెళ్లి కాస్త ఆలస్యమైతే చాలు, అమ్మ తలుపు బయట నిలబడి నన్ను పేరు పెట్టి పిలుస్తూనే ఉంటుంది.