మందుదే తప్పు

మా పక్కింటి ఎల్వుడ్‌కు క్రిస్మస్ మీద పెద్ద ధ్యాస లేదు. ధ్యాసంతా ఆ మర్నాడు మొదలయ్యే, చెకుముకి రాయితో పేలే పాతకాలపు తుపాకుల వేట మీదే. మా పెన్సిల్వేనియా కొండల్లో ముసలాళ్లకు అదే అసలు పండగ. ఈ ఏడు మాత్రం చలి మొదలైన దగ్గర్నుంచీ ఆయనకు నిద్ర కరువైంది.

పోయినేడు ఆయన గుండు ఒక ఆడజింక పొట్టలో తగిలింది. ఇద్దరం నెత్తుటి జాడ పట్టుకుని వాగు దాటాం. ఇంతలో మంచు కురిసి జాడ చెరిగిపోయింది. అది ఏ పొదలోనో కొట్టుకుని కొట్టుకుని చచ్చుంటుందని ఇప్పటికీ కుమిలిపోతాడు.

"ఈసారి గుండు అనుకున్నచోట పడకపోతే నేను వేటకు రాను," అన్నాడు.

అందుకని రోజూ పాత కంకర గుంట దగ్గర పరీక్షలే. తుపాకిలో సన్న మందు పోశాడు, ముతక మందు పోశాడు, కొలత పెంచాడు, తగ్గించాడు. వెంట్రుకవాసి పెద్ద గుండ్లు తెప్పించాడు. గొట్టంలోకి దించే గుండుకు చుట్టే గుడ్డ బిగువుగా ఉండాలని దిండు గలీబు కత్తిరించాడు. ఏం చేసినా గురి కాగితం మీద చిల్లులు కోళ్లు కెలికినట్టు చెదిరే ఉన్నాయి.

"మందు చెమ్మగిల్లింది," అన్నాడు ఎల్వుడ్.

"మందు మార్చావు, గుండు మార్చావు, నా దిండు గలీబూ పాయె. ఇక మార్చాల్సింది నన్నే," అంది ఆయన భార్య అర్లీన్, ఫ్లాస్కులోంచి కాఫీ పోస్తూ. ఆయన నవ్వలేదు.

గుండుతో పాటు బయటికొచ్చి నేలమీద పడ్డ గుడ్డ ముక్క తీసి చూశాను. కాలలేదు, చిరగలేదు. అంటే మందూ గుండూ చక్కగా కుదిరినట్టే. చూపించబోతే చూడకుండానే లాక్కుని జేబులో కుక్కుకున్నాడు. ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నదని నోటిదాకా వచ్చింది గానీ, ఆయన మొహంలో భయం చూసి మింగేశాను. నాకూ భయం వేసింది.

"నన్నోసారి కాల్చనీ," అన్నాను.

"వద్దు. దీని అలవాట్లు నీకు తెలీవు."

"నాకు తెలుసుగా," అని అర్లీన్ లేచింది. పెళ్లైన కొత్తలో ఇద్దరూ కలిసే వేటకెళ్లేవారు.

"భుజం నొప్పెడుతుంది, అర్లీన్. వద్దులే." ఆ గొంతులో బతిమాలుడే ఉంది.

"నొప్పెడితే నువ్వే మందు రాద్దువుగానిలే."

అదే మందు, అదే కొలత, అదే గుండు, అదే గలీబు గుడ్డ. గొట్టం తుడుచుకుంటూ మూడుసార్లు కాల్చింది.

మూడు చిల్లులూ నాకు దూరం నుంచే కనబడ్డాయి. కాగితం దగ్గరికి ఎల్వుడ్ అందరికన్నా వెనక వచ్చాడు. కళ్లజోడు తీసి, ముక్కు ఆనేంత దగ్గరగా చూశాడు. వేలితో తడిమాడు.

"ఒక్కటే తగిలిందా?"

"మూడూ ఒకదాన్నొకటి ఒరుసుకునే పడ్డాయి," అంది ఆమె మెల్లగా.

చాలాసేపు ఆ వేలు అక్కణ్ణుంచి తియ్యలేదు. తర్వాత తన మెడలో వేలాడే, తుపాకి మందు పోసుకునే కొమ్ము తీసి ఆమె మెడలో వేశాడు.

"మందుదేం తప్పు లేదు," అన్నాడు. "జింక బాగా దగ్గరికి వచ్చేదాకా ఆగు, అర్లీన్. తొందరపడకు."