అవ్వ బాప్తిస్మానికి మిల్లు బూడిద

దేవుడి పని మీద తెల్లచీర కట్టుకొని నీళ్లలోకి దిగిన ఒక ముసలమ్మను, బొగ్గుల బట్టీలోంచి లాగినట్టు బయటికి రప్పించిన ఘనత నాది. ఆవిడ మా అవ్వే. కాబట్టి చదివేవాళ్లు నామీద జాలిపడే పని పెట్టుకోకండి.

స్వరాజ్యం వచ్చిన కొత్తలో మాట ఇది. ఆత్మకూరులో మా మామ, అంటే అవ్వ కొడుకు, నేతగాళ్ల నూలుకు రంగులు వేసేవాడు. షెడ్డు చర్చి వెనకే. ఆ ఏడు వానల్లేక చర్చి బావిలో తప్ప ఎక్కడా నీళ్లు లేవు. మామ పారబోసిన రంగునీళ్లు నేలలో ఇంకి ఇంకి ఆ బావిలోకే చేరాయి. బాప్తిస్మపు తొట్టి నింపితే నీళ్లు గులాబి రంగులో పెళ్లిపందిరిలా కళకళలాడాయి.

సంఘ పెద్దలు మామను పిలిపించారు.

"ఆదివారం బాప్తిస్మాలు ఉండాయి. తొట్టిలో రంగు కనపడిందా, నీ షెడ్డు పీకేస్తాం."

ఆ షెడ్డు తప్ప మామకు వేరే బతుకుదెరువు లేదు. ఇంటికొచ్చి గోడకానుకొని కూలబడ్డాడు.

నేనప్పుడు నెల్లూరు కాలేజీలో కెమిస్ట్రీ తప్పి ఇంట్లో ఉన్నాను. తప్పినవాడికుండే ధైర్యం ప్యాసైనవాడికి ఉండదు.

"మామా, బియ్యం మిల్లు వెనకాల ఊక కాల్చిన నల్ల బూడిద గుట్టలుగా ఉండాది గదా. అది రంగును పీల్చేస్తాది."

"బూడిదేసి తోమేదానికి అవి నీళ్లా, అంట్లా?"

"ఇది సైన్సు మామా!"

సీసాలో గులాబి నీళ్లు పోసి, గుప్పెడు బూడిద వేసి బాగా కుదిపి, గుడ్డలో వడగట్టాను. నీళ్లు కొబ్బరినీళ్లలా దిగాయి. మామ సీసాను ఎండకెత్తి చూశాడు.

"నిన్ను తప్పించినోళ్లకు బుద్ధి లేదురా!"

ఆ మాటతో నా కాళ్లు నేలమీద నిలవలేదు. శనివారం మిల్లు నుంచి బండెడు బూడిద తోలించాను. పీడ వదిలిందని మిల్లు గుమాస్తా ఊరికే ఇచ్చాడు. తొట్టిలో పోసి గెడతో కలియబెట్టాను. తెల్లారేసరికి బూడిద అడుక్కి దిగింది, తేలినదాన్ని నేనే తీసేశాను. పైన నీళ్లు అద్దంలా ఉన్నాయి.

వడగట్టాలని గుర్తు రాలేదా అంటారేమో. వచ్చింది. అంత తొట్టి ఎవడు వడగడతాడు, అడుగునున్నది అడుగునే ఉంటుందిలే అనుకున్నాను. సీసాలోకి ఎవరూ దిగరు, తొట్టిలోకి మనుషులు దిగుతారు అన్న సంగతి బుర్రకు తట్టలేదు.

ఆదివారం పెద్దలు తొట్టిలోకి తొంగిచూసి తలలూపారు. మామ ఛాతీ ఉబ్బింది. ఇన్నేళ్లూ చలికి భయపడి వాయిదా వేసిన అవ్వ, అందరికంటే ముందు దిగుతానంది. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టి, అవ్వ చెయ్యి పట్టుకొని మెట్లు దిగారు. అందరూ కళ్లు మూసుకున్నారు. వాళ్ల కాళ్ల చుట్టూ నల్లగా మబ్బులు లేవడం చూసినవాణ్ణి నేనొక్కణ్ణే.

"మామా! మామా!"

"కళ్లు మూసుకోరా!"

అవ్వ మునిగింది. లేచింది. తెల్లగా మిగిలినవి కళ్లు మాత్రమే.

అందరూ నోళ్లు తెరిచారు. అవ్వ చేతులు చూసుకుంది, చీర చూసుకుంది. నడుముదాకా నల్లబడ్డ పాస్టరుగారి వంక దిగులుగా చూసింది.

"అయ్యా, ఇన్ని పాపాలు చేసినానా నేను?"

పాస్టరుగారు ఆపుకోలేక తొట్టిలోనే నవ్వేశారు. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. సందు చూసి మామ అందుకున్నాడు.

"రంగు కనపడితే గదా పీకుతామన్నారు! గులాబి ఎక్కడుండాదో చూపించండి!"

నవ్వినవాళ్లకు కోపం తెచ్చుకోవడం చేతకాలేదు. రంగునీళ్ల గుంట దూరంగా తవ్వుకొమ్మని చెప్పి షెడ్డు వదిలేశారు. నీళ్లు గుడ్డల్లో వడగట్టి అవ్వను మళ్లీ ముంచుదామంటే ఆవిడ ఒప్పుకోలేదు.

"వద్దులే అయ్యా. ఉండేవన్నీ ఒకేసారి బయటికొచ్చేసినాయి."

ఆ రోజే, ఆ తొట్టి గట్టు మీదే, బూడిద చేతులతో ఒట్టు పెట్టుకున్నాను. ఇకమీద ఏ నీళ్లను బాగుచేసినా, ముందు నేను మునిగి లేచిన తర్వాతే వేరేవాళ్లను దిగనిస్తాను. అందుకే ఆనాటి నుంచి నీళ్లు బాగుచేయడం మానేశాను.